వేరొకరి కొలతల ప్యాంటు

హెర్నియా ఆపరేషన్ తర్వాత నేను రెడీమేడ్ ప్యాంటు వేసుకోలేకపోయాను. బొత్తాం పెట్టుకుంటే నడుము పట్టీ సరిగ్గా కుట్ల మీదికొచ్చి కూర్చునేది. కరీంనగర్‌లో నేను తిరగని బట్టల దుకాణం లేదు. పెద్ద సైజు తీసుకుంటే జారేది, బెల్టు పెడితే మళ్లీ అదే నొప్పి.

ఇంట్లో హాయిగా ఉండే ప్యాంటు ఒక్కటే ఉండేది. విత్తనాల కంపెనీ పనిమీద ఊళ్లు తిరుగుతూ ఒకసారి ఇచ్చోడలో వానకు నిలువునా తడిసి, అంగడిలో పాతబట్టల కుప్పలోంచి తీసుకున్నది. బూడిదరంగు నూలు గుడ్డ, నడుముకు నాడా. ఎవరో ఇంట్లో శ్రద్ధగా కుట్టినది. అది సీటు దగ్గర పిగిలిపోయాక, దాన్నే విప్పి ఆ ముక్కల కొలతతో కొత్తది కుట్టుకుందామనుకున్నాను. మా అవ్వ రవికలు కుట్టేది. మిషను తొక్కడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఒక ఆదివారం ప్యాంటు కుట్లన్నీ విప్పి, ముక్కలను కొత్త గుడ్డ మీద పరిచాను. నా భార్య వంగి చూసింది.

“గిదేందయ్యా, రెండు కాళ్లు ఒక్కతీరుగ లేవు?”

నిజమే. ఎడమకాలి ముక్క వేలెడు పొట్టి, తొడ దగ్గర సన్నం. ఇన్నాళ్లు వేసుకున్నా నేను గమనించలేదు.

“సరిజేసి కొయ్యరాదు?” అంది.

“వద్దు. గిట్లున్నందుకే హాయిగ ఉన్నదేమో.”

సుద్దముక్కతో ఉన్నదున్నట్టు గీసి కత్తిరించాను. సాయంత్రానికి ప్యాంటు తయారైంది. కొత్త గుడ్డ ఒంటికి చల్లగా తగలాలి కదా, ఇది అప్పుడే ఎవరో విడిచి ఇచ్చినట్టు వెచ్చగా ఉంది. ఎండ వేడి అనుకున్నాను.

కొన్నాళ్లకు, నేను బయటినుంచి రాగానే నా భార్య తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

“ఎందుకు కుంటుతున్నవ్? బాల్కనీలకెల్లి చూసి ఎవరో పరాయి మనిషనుకున్న.”

“నేనెక్కడ కుంటుతున్న?”

“ఎడమకాలు ఈడుస్తున్నవ్. కుట్లు నొస్తున్నయా?”

నొప్పేమీ లేదు. గదిలో అటూ ఇటూ నడిచి చూపించాను. ఆమె నా కాళ్లనే చూసింది.

ఆ చలికాలం ఆ ప్యాంటు వేసుకునే పనిమీద ఖానాపూర్ వెళ్లాను. మధ్యాహ్నం బస్టాండు నుంచి నడుస్తుంటే వెనకనుంచి ఒక ఆడగొంతు, “ఓయ్, ఆగు! జర ఆగు!” అంది. తిరిగి చూశాను. ఒక ముసలామె దాదాపు పరుగెత్తుకుంటూ వస్తోంది. నా ముఖం కనపడగానే ఆగిపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏమైందవ్వా?”

“మా ఆయన అనుకున్న బిడ్డా. ఎనుకకెల్లి చూస్తే అచ్చం ఆయన నడకనే.” ఆమె చూపు కిందికి దిగింది. వంగి నా ఎడమకాలి మడత పట్టుకుంది. “గీ ప్యాంటు ఎవలు కుట్టిండ్రు?”

“నేనే కుట్టుకున్న.”

“గీ కొలత నాది.”

ఆమె భర్తకు చిన్నప్పుడే జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడిందట. కొన్నవేవీ సరిపడక ఆమే కుట్టేదట. ఆయన పోయాక బట్టలన్నీ స్టీలు గిన్నెలకు ఇచ్చేసిందట. ఇచ్చోడలో కొన్న ప్యాంటు సంగతి నేను చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

“బిడ్డా, జర గా కిరాణం దుకాణం దాంక నడిచి సూపెడ్తవా?”

నడిచాను. మామూలుగా నడవాలని గట్టిగానే అనుకున్నాను. ఎడమకాలు వినలేదు. దాని చప్పుడు నాది కానట్టు, కాస్త ఆలస్యంగా వినిపించింది. దుకాణం దగ్గర ఆగి తిరిగి చూస్తే ఆమె నన్ను చూడటం లేదు. నా పక్కన, నాకంటే పొట్టి మనిషి ముఖం ఉండేంత ఎత్తులో చూస్తూ పెదవులు కదుపుతోంది.

తర్వాతి వారం ఆ పాత ముక్కలన్నీ సంచిలో పెట్టుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆమె వాటిని ముట్టుకోలేదు.

“వద్దు బిడ్డా. ఉత్త పేలికలు నేనేం జేసుకోను? ఆయన నీకాడనే మంచిగున్నడు.”

మాట మామూలుగానే అంది, ఊరెళ్లిన మనిషి గురించి చెప్పినట్టు. తాగడానికి నీళ్లిచ్చింది. తాగి, సంచి తీసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె టేపు తెచ్చి నా కాళ్లు రెండూ తనే కొలిచింది. సమానంగానే ఉన్నాయి. ఆ కొలతలతో ఇంకో ప్యాంటు కత్తిరించి, నడుముకు వదులుగా లాస్టిక్ వేసి కుట్టాను. బాగా కుదిరింది. అది వేసుకుంటే నా నడక నాకుంటుంది. ఇప్పుడు ఆఫీసుకు అదే.

మొదటిది మాత్రం పారేయలేకపోయాను. చలి ముదిరి కుట్ల దగ్గర సలుపు మొదలైతే అది తప్ప మరేదీ ఒంటికి పడదు. అది వేసుకున్న రోజు మాత్రం నేను గడప దాటను. అంతకుముందు ఒకసారి దాంతోనే పాలకని బయల్దేరి, చూసుకుంటే ఖానాపూర్ బస్సులు ఆగే చోట నిలబడి ఉన్నాను.