పసుపు అరగదీసిన బండ

నా పేరు సన్యాసమ్మ. డెబ్బై దాటాయి. నాగావళి ఒడ్డున కొడుకు, కోడలు, మనవరాలితో ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోన్‌లో రాస్తోంది. నా ఈడు ఆడవాళ్లు వినండి.

మొన్న మనవరాలి కాలేజీ మాస్టారు పిల్లలకు రాళ్ల పుట్టుక చూపించడానికి కొండల మధ్య ఏటి లోయలోకి తీసుకెళ్లారు. నేనూ నడిచాను. మా పాత రేవు దగ్గర రాతిలోని చారలు కనబడాలని ఆయన బండ మీద నీళ్లు పోశారు. ఆ తడి రాతి వాసనకు మా అమ్మ గుర్తొచ్చింది. మీకూ గుర్తుండాలి. పసుపుకొమ్ము కొంగున కట్టుకొచ్చి, స్నానానికి ముందు ఆ బండ మీదే అరగదీసేవాళ్లం. అరిగి అరిగి అరచేయంత గుంట పడింది. నా మొహానికి రాసేటప్పుడు అమ్మ కళ్లు మూసుకోమనేది.

మాస్టారు సరిగ్గా ఆ గుంట మీదకే సుత్తి ఎత్తారు.

"ఏటి బాబూ, ఏటి సేస్తన్నావు?"

"లోపలి రంగు చూపించాలమ్మా. చిన్న ముక్కే."

"మాయమ్మ పసుపు అరగదీసిన సోటది. ముట్టుకోకు."

"నాన్నమ్మా, పరువు తీసేస్తన్నావు!"

"నువ్వు నోర్ముయ్యే. బాబూ, ఇదే ఏటి రాయితో సేసిన మా రుబ్బురోలు పగిలిపోయి నూతికాడ పడున్నాది. దాన్ని కొట్టుకో."

పిల్లలు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. సుత్తి సంచిలో పెట్టి మా ఇంటికొచ్చారు. రోలు ముక్క కొట్టి చూపిస్తే లోపల అవే చారలు.

ఇకముందు ఎవరొచ్చినా బండను వదిలేయాలి. రాయి కావాలంటే మా ఇంటికి రండి, రోలు ఇంకా సగం ఉంది.

ఇంట్లో సిరా లేదు. పసుపు తడిపి వేసిన నా వేలిముద్ర కింద ఫొటోలో ఉంది.

సాక్షులు: ఆ బండ మీద నాతో పసుపు అరగదీసిన గౌరమ్మ, అప్పలనరసమ్మ.