యాదక్కకు రావలసిన మూడో ఆకు

సిరోంచలో యాదక్క చేత కట్టు కట్టించుకున్నవాళ్లు నొప్పినైనా మరచిపోవచ్చు గానీ, ఆకులు వాపసు ఇవ్వడం మరచిపోలేరు. ఆవిడ మరవనివ్వదు. ఉమ్మెత్తాకుకు ఆముదం రాసి, నిప్పు సెగ చూపించి, వాచిన చోట తనే కడుతుంది. ఎంత బతిమాలినా ఆకు చేతికివ్వదు. సాయంత్రానికి వాడిపోయిన ఆ ఆకుల్నే లెక్కపెట్టి మరీ తీసుకుంటుంది.

ఒకసారి ఏటపల్లి బస్సుకు అడ్డం నిలబడి, కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషి చేత అందరి ముందూ కట్టు విప్పించింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

"కొట్టు బిడ్డా, కొట్టు. ఇంకో ఆకు రావాలె," అంది యాదక్క.

"పిల్లికి బిచ్చం పెట్టనోళ్లను సూసిన గని, ఎండాకును ఇడ్వనామెను ఈమెనే సూసిన," అని నవ్వేవాడు సాంబన్న. ప్రాణహిత ఒడ్డున వరి పండించే మనిషి. నాట్ల బురదలో దిగబడి మోకాలు వాచేసరికి, నవ్వు పక్కన పెట్టి తనే వెళ్లక తప్పలేదు.

పొద్దున యాదక్క మూడు ఆకులు కట్టింది. సాయంత్రం సాంబన్న రెండే తెచ్చాడు.

"మూడోది?"

"ఏడనో పడ్డది తీ అక్కా. వాడిపోయిన ఆకుకు గింత పరేషానా?"

"కట్టు ఏడ ఇప్పినవ్?"

"ఇంట్లనే. మా ఆమె తోటకూర తెంపుతుంటె, పక్కన కూసొని..."

యాదక్క మాట పూర్తి కానివ్వలేదు. "బండి తియ్యి," అంది. దారంతా వెనక కూర్చుని, "జర జోరుగ పోనియ్యి" అంటూ వీపు మీద పొడుస్తూనే ఉంది.

వాళ్లు చేరేసరికి సాంబన్న భార్య లీలమ్మ కంచాలు పెడుతోంది. యాదక్క పలకరింపైనా లేకుండా తోటకూర గిన్నె ఎత్తుకుపోయి, పెరట్లో గుంట తవ్వి కూరంతా పూడ్చేసింది.

"ఒక్క ఆకు కోసం గిన్నెడు కూర మట్టిపాలు చేస్తవా?" లీలమ్మ గొంతు వీధంతా వినిపించింది. సాంబన్నకు తల కొట్టేసినట్టయింది.

యాదక్క అరుగు మీద కూలబడింది. "ఉమ్మెత్త మోకాలికి మందే, కడుపుల పడితె ఇసం. ఒకపారి గిట్లనే కట్టు ఆకు నా కూరల పడ్డది, సూసుకోలె. అది తిని మా ఇంటాయన గాలిల లేని దారాలు ఏరిండు. బర్రెను పట్టుకొని వదినా అన్నడు. అందరు నవ్విండ్రు, నేను గూడ నవ్విన. ఇగ నా దిక్కు సూసి, 'ఎవలమ్మా నువ్వు?' అన్నడు. దవాఖానల మూడో దినం నా పేరు పిలిసెదాక నా పానం పానంల లేదు."

ఇన్నాళ్లూ చేసిన వెక్కిరింతలన్నీ గుర్తొచ్చి సాంబన్నకు సిగ్గేసింది. ఆవిడ పక్కన కూర్చోబోతూ కాలు మడిచాడు. మోకాలి వెనక ఏదో అంటుకున్నట్టనిపించి పంచె ఎత్తి చూస్తే మూడో ఆకు, ఆముదానికి అతుక్కుని భద్రంగా ఉంది.

"అక్కా, దొరికింది," అన్నాడు భయం భయంగా.

యాదక్క ఆకు ఒలిచి తీసుకుని, "మూడు," అని కొంగున ముడేసుకుంది. ముందుగా నవ్వింది లీలమ్మే.

మర్నాడు యాదక్క ఇత్తడి గిన్నె నిండా పప్పు వండి తెచ్చింది. లీలమ్మ గిన్నె తోమి ఇవ్వబోతే వద్దంది.

"ఉంచుకో బిడ్డా. గిన్నె కూరల పడ్డా ఎవల పానానికి ఏం కాదు."