ఆయన డిగ్రీకి నేను చదివిన చదువు

మా ఆయన డిగ్రీ పాసైన రోజు ఇంట్లో పులిహోర చేశాను. నేను వంటింట్లో ఉంటే అత్తయ్యగారు వీధి గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళకి చెబుతున్నారు. "మావాడు ఉద్యోగం చేసుకుంటానే చదివేడండి. చిన్నప్పట్నించీ చదువంటే ప్రాణం వాడికి." పోపు మాడిపోయింది. కావాలని మాడ్చలేదు గానీ, మాడినందుకు నాకేమీ బాధ కలగలేదు.

ఆ చదువు చదివింది నేను.

మాది రాజోలు దగ్గర పల్లె. ఆయన తాటిపాకలో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్సులో పని చేస్తారు. పైపులు, బోల్టులు, హెల్మెట్లు ఎవరు పట్టుకెళ్ళారో, ఎవరు తిరిగిచ్చారో చూసుకునే పని. బీకాం రెండేళ్ళు చదివి మానేశారు. నాదీ అదే బీకాం, అవే రెండేళ్ళు. అయితే నేను మానెయ్యలేదు, మాన్పించారు. అమలాపురం కాలేజీలో నాలుగు సెమిస్టర్లు ఫస్టు క్లాసులో పాసయ్యాక సంబంధం కుదిరింది. బీఈడీ చేసి టీచరునవుదామనుకున్నానని పెళ్ళిచూపుల్లో సిగ్గు విడిచి చెప్పాను. "దానికేముందమ్మా, పెళ్ళయ్యాక చదువుకుందువుగాని" అన్నారు ఇదే అత్తయ్యగారు.

పెళ్ళైన కొన్నేళ్ళకి కాంట్రాక్టరు మా ఆయన్ని పిలిచి, డిగ్రీ ఉంటే స్టోర్సు ఇన్‌ఛార్జిని చేస్తానన్నాడు. అప్పుడే తోటి ఉద్యోగి ఒకాయన దారి చెప్పాడు. పాత కాలేజీలో పాసైన పేపర్లు క్రెడిట్ల కింద మన పేరు మీద నిలవుంటాయట. వాటిని ఆన్‌లైన్లో డిగ్రీ చెప్పే యూనివర్సిటీకి మార్పించుకుని, మిగిలినవి ఆన్‌లైన్ కోర్సులతో నింపుకుంటే ఏడాదిలో పట్టా చేతికొస్తుందట. మా ఆయన ఫోను నా చేతిలో పెట్టి చదవమన్నారు. రూల్సన్నీ నేనే చదివాను. ఆ క్రెడిట్లకి గడువుంది. ఆయనది ఆ ఏడాదితో అయిపోతుంది. నాకు ఆ పైన ఇంకో ఏడాదుంది.

"అయితే ఇద్దరం ఫీజు కడదామండి" అన్నాను.

"ఇద్దరం పుస్తకాలు పట్టుక్కూచుంటే ఇల్లెవరు చూస్తారు? ముందు నాది కానీ. అవ్వగానే నీది" అన్నారు.

సరేనన్నాను. మా ఇళ్ళల్లో మగవాళ్ళు తిని లేచాకే ఆడవాళ్ళు విస్తరి ముందు కూర్చుంటారు. చదువుకీ అదే వరస అనుకున్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. నా బుద్ధికి నేనే తాళం వేసుకున్నాను.

మొదట్లో వీడియోలు నేను చూసి, సాయంత్రం ఆయనకి చెప్పేదాన్ని. తర్వాత వారం వారం పెట్టే చిన్న పరీక్షలు నేనే రాయడం మొదలుపెట్టాను. ఆ తర్వాత అసైన్‌మెంట్లు. మూడో కోర్సుకి వచ్చేసరికి ఆయనకి పాస్‌వర్డ్ కూడా గుర్తు లేదు. అది తప్పని నాకు తెలుసు. తెలిసే చేశాను. ఎందుకంటే, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు బాగుండేది. మధ్యాహ్నం అంట్లు తోమి, అత్తయ్యగారు నడుం వాల్చాక, సిగ్నలు అందే వెనక వసారాలో కూర్చునేదాన్ని. వీడియోలో మేష్టారు ఇంగ్లీషులో అర్థమైందా అని అడిగితే, నేనిక్కడ పైకే "ఆయ్" అనేదాన్ని. పెళ్ళయ్యాక నాకర్థమైందో లేదో అడిగిన మొదటి మనిషి ఆ మేష్టారే.

ఆఖరి పరీక్షలు మాత్రం కాకినాడ సెంటర్లో మా ఆయనే స్వయంగా రాయాలి. అందుకని ఆయనకి నూరిపోయడం కూడా నా పనే అయింది. మేనేజ్‌మెంటులో ఒకచోట, అధికారం ఇవ్వకుండా బాధ్యత అప్పగిస్తే ఏమవుతుందో రాయమంటారు. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. విసుగొచ్చి, "మీ అమ్మగారు వంట నాకప్పజెప్పి, ఉప్పెంత వెయ్యాలో తను చెబుతారు చూడండి. కూర పాడైతే మాట పడేది నేను. అదండీ" అన్నాను. పగలబడి నవ్వారు. పరీక్షలో అదే ప్రశ్న వచ్చిందట, బ్రహ్మాండంగా రాసొచ్చారు. ఆ నవ్విన మనిషికి నా సంగతి మాత్రం తట్టలేదు.

అన్నీ గట్టెక్కాయి, బిజినెస్ లా తప్ప. అది తప్పారు. మళ్ళీ రాయాలంటే వచ్చే విడత దాకా ఆగాలి. ఆయన పాత క్రెడిట్లు అప్పటికే కొత్త యూనివర్సిటీలో చేరిపోయాయి గనక ఆయనకి కంగారు లేదు. కంగారంతా నాదే.

"ఈలోగా నా దరఖాస్తు పెట్టుకుంటానండి. గడువు దగ్గర పడుతోంది" అన్నాను.

"ఇప్పుడు నువ్వు నీది పెట్టుకున్నావంటే నేను మునిగిపోతాను. ఈ ఒక్కటీ ఒడ్డెక్కించు" అన్నారు.

ఒడ్డెక్కించాను. ఒక విడత కాదు, రెండు విడతలు పట్టింది. ఆ రెండో విడతలో నా ఏడాది కరిగిపోయింది. గడువు తేదీ వంటింటి క్యాలెండరులో నా చేత్తోనే సున్నా చుట్టి పెట్టుకున్నాను. ఆ రోజు కూడా ఆయన ఒప్పందాల చట్టం మర్చిపోయారని మళ్ళీ మొదట్నించీ చెప్పాను. ఆ సాయంత్రం ఏడుపొచ్చింది, ఆయన మీద కాదు, నా మీద.

ప్రమోషన్ వచ్చాక మొక్కు తీర్చడానికి అప్పనపల్లి వెళ్ళాం. గుడి బయట వాళ్ళ మేనేజరుగారు కుటుంబంతో కనబడ్డారు. "మీ ఆయన గట్టి మనిషమ్మా. డ్యూటీ చేస్తూ డిగ్రీ కొట్టేడంటే మాటలా" అన్నారు నాతో. మా ఆయన కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకుని నేల చూపులు చూస్తున్నారు. పోనీ, ఇది కూడా సాయం చేసిందండి అని ఒక్క మాట అంటారేమోనని చూశాను. "ఏదో, మీ దయండి" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బండి మీద, "మరి నాదండి?" అని అడిగాను. "చూద్దాంలే" అన్నారు.

ఆ వారంలోనే, ఎవరికీ చెప్పకుండా, అమలాపురం బస్సెక్కి నా పాత కాలేజీకి వెళ్ళాను. గడువు దాటిందని తెలుసు. అయినా ఏదో సందు ఉంటుందేమోనన్న ఆశ. ఆఫీసులో గుమస్తాగారు పెద్దాయన, నెమ్మదస్తుడు. నా నంబరు కొట్టి, కంప్యూటరు వంక చాలాసేపు చూశారు.

"మంచి మార్కులండి. కానీ గడువు దాటిపోయిందండి. ఇప్పుడివి పనికిరావు. చేరాలంటే మళ్ళీ మొదట్నించీ చేరాలి" అన్నారు.

నేను లేవలేదు. ఆయనకి జాలేసినట్టుంది, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ అడిగారు. "పోనీ, ఈమధ్య ఆన్‌లైన్లో ఏమన్నా కోర్సులు చేసేరా అండి? మీ పేరు మీద ఒకటో రెండో ఉన్నా పర్లేదు. వాటితో మొదటేడాదిలో కొంత తగ్గించొచ్చు."

మేనేజ్‌మెంటు, మార్కెటింగు, ఎకనామిక్సు, ఆడిటింగు. మనసులో ఒక్కొక్కటీ వరసగా వచ్చింది. బిజినెస్ లా అయితే మూడుసార్లు.

"లేదండి" అన్నాను.

"ఒక్కటి కూడా లేదా అండి? మరి ఇన్నాళ్ళూ ఏం చేసేరు?"

ఆయన ఎత్తిపొడవలేదు, మామూలుగానే అడిగారు.

"ఖాళీగానే ఉన్నానండి" అన్నాను.