ఎక్కేవాళ్ళని పలకరించకూడదు

గుండె బలహీనపడి ఆయాసంతో ఉన్న మనిషిని కొండ మీదికి ఎలా తీసుకెళ్ళావని మా ఊళ్ళో నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి వరకే. మిగతా చదువంతా శృంగవరపుకోట గ్రంథాలయంలో, కిటికీ పక్క బల్ల దగ్గర. ఆయాసం గురించి అక్కడున్న మూడు పుస్తకాలూ నోట్సు రాసుకుంటూ చదివాను. అయినా దారిలో ఒక తప్పు చేశాను. ఆ తప్పు గురించి మూడు పుస్తకాల్లో ఎక్కడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నా భార్య రవణమ్మ పెళ్ళికి ముందు అరకు దగ్గర బాలికల హాస్టల్లో వంట చేసేది. అక్కడి కొండ ఊరి సొంబరి అనే ఆమెతో నేస్తం కట్టింది. నేస్తం అంటే ఒట్టి స్నేహం కాదు, పదిమంది ముందు ఒప్పుకున్న చుట్టరికం. కొత్త కొర్రలు ఇంటికొచ్చినప్పుడు నేస్తాలిద్దరూ ఒకే ఆకులో తినాలి. జబ్బు చేశాక రెండేళ్ళు వెళ్ళలేదు. "ఈ ఏడూ ఎల్లకపోతే సచ్చిపోయాననుకుంటాది" అని పట్టుబట్టింది.

బరువు పెరగలేదు, కాళ్ళకు నీరు లేదు, పడుకున్నా ఆయాసం లేదు కనక వెళ్ళొచ్చు అన్నారు డాక్టరు. నర్సు కుమారి ఊపిరి తీరు మళ్ళీ చేయించింది. ముక్కుతో మెల్లగా పీల్చాలి. వేడి టీ ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలాలి. అడుగు పైకి వేసేటప్పుడు వదులుతూ వెయ్యాలి. ఆయాసమొస్తే కూర్చుని ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించాలి. ఊపిరి బిగబట్టకూడదు.

"మరి పుస్తకంలో కుంభకం అని..." అన్నాను.

"ఆ పుస్తకం ఈమె కోసం రాసింది కాదండీ" అంది కుమారి.

ఉదయం ఎనిమిదింటికి కిరండూల్ బండి ఎక్కాం. ఒంట్లో నీరు తీసే మాత్ర ప్రయాణమని మానొద్దన్నారు కనక, మరుగుదొడ్డికి దగ్గర సీట్లు చూసుకున్నాను. మీరూ అలాగే చెయ్యండి. ఘాట్ మొదలయ్యాక సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లల కేకలు. ఆ చీకట్లో ఆమె కనపడక నా ప్రాణం విలవిల్లాడేది. వెలుతురు రాగానే గడియారం పట్టుకుని ఆమె ఊపిరులు లెక్కపెట్టేవాణ్ణి. ఎదురుగా కూర్చున్న కూరగాయల వ్యాపారం ఆమె చూసి చూసి, "ఏటి బాబూ, ఆయమ్మకి పరీచ్చ పెడతన్నావు? మార్కులెన్నొచ్చాయి?" అంది. రవణమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పదకొండు దాటాక అరకు. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. చట్నీలో ఉప్పెక్కువని ఆమె ముట్టలేదు. రాంబాబు అనే అతని ఆటో మాట్లాడుకుని అరగంట వెళ్ళాం. వాన కోసేసిన చోట దారి ఆగిపోయింది. "ఇక్కడి నుంచి నడకేనండి. బేగి ఎక్కీగలరు, పావుగంటే" అన్నాడు. పావుగంట అతని కాళ్ళకి.

పన్నెండూ ఇరవైకి ఎక్కడం మొదలుపెట్టాం. పది అడుగులు, ఆగడం. మళ్ళీ పది. ఆగినప్పుడల్లా అడిగాను. "ఎలాగున్నాది? గుండెల్లో నొప్పేటైనా ఉన్నాదా? కళ్ళు తిరగతన్నాయా? సెప్పాల మరి." ఆమె చెప్పేది. అప్పుడే సొంబరి పైనుంచి దిగి వచ్చింది. మమ్మల్ని చూసి ఒక్క మాటైనా అనకుండా వెనక్కి తిరిగి ముందు నడిచింది. రెండేళ్ళు రానందుకు కోపం కాబోలనుకున్నాను.

మరో నాలుగుసార్లు ఆగాం. "బాగానే ఉన్..." అంటూ రవణమ్మ మాట పూర్తి చేయలేకపోయింది. భుజాలు ఎగిసి పడుతున్నాయి. "పీల్చు! వదులు! నాలుగు లెక్కెట్టు!" అని అరిచాను. ఆమె పైకి లెక్కపెట్టబోయింది. ఒకటి అనగానే గొంతు ఆగిపోయింది.

సొంబరి వెనక్కొచ్చి, "నువ్వు నోరు ముయ్యి బావా" అంది.

పక్కనే పీటలాంటి నల్ల బండ ఉంది. కావిళ్ళు మోసేవాళ్ళు బరువు దించుకునే చోటు. రవణమ్మని దాని మీద కూర్చోబెట్టి ముందుకు వంచింది. తాను ఎదురుగా గొంతుక్కూర్చుని, ఏమీ అనకుండా, పెదాలు చుట్టి మెల్లగా ఊదింది. రవణమ్మ ఆ పెదాలనే చూస్తూ ఊదింది. నేను కిందికి చూశాను. రాంబాబు ఆటో ఇంకా కదల్లేదు. కూర్చున్నా తగ్గకపోయినా, నొప్పి వచ్చినా, పెదాలు నీలమైనా వెంటనే ఆస్పత్రికి అని కుమారి చెప్పింది. ఎత్తుకుని దిగడానికి చెప్పులు కూడా విప్పేశాను.

నాలుగు నిమిషాలు పట్టింది. భుజాలు దిగాయి.

అప్పుడు సొంబరి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "వచ్చినావా నేస్తం! సన్నగైపోనావు. మా బావ నిన్ను నడిపిస్తన్నాడా, అడిగడిగి చంపుతన్నాడా?"

"ఇందాక పలకరించలేదేం?" అన్నాను.

"మా కొండలో ఎక్కేవోళ్ళని ఎవలూ పలకరించరు బావా. బండ కాడ కూకున్నాకే పలకరిస్తారు. ఊపిరి కాళ్ళకి కావాలా, నోటికి కావాలా?"

ఊపిరి లెక్కపెట్టమన్నదీ నేనే, ఆ ఊపిరిని జవాబులకి ఖర్చు పెట్టించిందీ నేనే. భయంతో అడుగుతున్నానని నాకు తెలుసు. అడగడం వల్లే ఆయాసపడుతోందని తెలియలేదు.

పైకి ఇంకా రెండు బండలు. ముగ్గురం మాట లేకుండా ఎక్కాం. ఆమె ఊదుతూ అడుగు వేస్తుంటే ఆ చప్పుడు వింటూ వెనకే నడిచాను. బండ దగ్గర మాత్రం ఇద్దరూ తెగ మాట్లాడుకున్నారు. ఒంటిగంటా పదికి ఇల్లు చేరాం. సొంబరి కోడలు లచ్చిమి ఉప్పు వెయ్యకముందే కొంత కూర తీసి పెట్టింది. కొత్త కొర్రల అన్నం నేస్తాలిద్దరూ ఒకే అడ్డాకులో తిన్నారు. అక్కడే పడుకున్నాం. రవణమ్మ తలకింద ఎత్తు కోసం లచ్చిమి కొర్రల బస్తా అమర్చింది.

మర్నాడు కాళ్ళు నొక్కి చూశాను, వాపు లేదు. బండ బండకీ కూర్చుంటూ దిగి, మధ్యాహ్నం బండి అందుకున్నాం. అది గంట ఆలస్యంగా వచ్చింది. ఊపిరి అభ్యాసం పుస్తకంలో నేర్చుకోవచ్చు, నర్సు దగ్గర ఇంకా బాగా నేర్చుకోవచ్చు. పక్కన నడిచే మనిషి మాత్రం నోరు కట్టుకోవడం నేర్చుకోవాలి. చూడండి, అడగకండి. ఆమె కూర్చున్నాక అడగండి.

నర్సు కుమారికి, మేం పైకి చేరేదాకా కదలని ఆటో రాంబాబుకి, పుస్తకాలు గడువు దాటినా ఉంచుకోనిచ్చిన గ్రంథాలయం ప్రసాదు గారికి, లచ్చిమికి, అందరికన్నా సొంబరికి నా నమస్కారాలు. రవణమ్మకి కూడా. మొదటి బండ దగ్గర భయమేసిందా అని బండిలో ఆమెను అడిగాను, కూర్చునే ఉంది కదా అని.

"నా ఆయాసం నాకు తెలిసిందే. నీ మొకం సూస్తేనే బయమేసింది" అంది.