పక్క సీటు వైపు కుంగిన కారు

ఆయన్ని అందరూ ఎందుకయ్య అనే పిలుస్తారు. అసలు పేరు షెడ్డు బోర్డు మీద ఉండేది. ఎండకీ వానకీ ఎప్పుడో చెరిగిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. "ముందు చక్రం దగ్గర టకటకమంటోంది" అని కారు తీసుకెళితే వేరే మెకానిక్కులు జాకీ అందుకుంటారు. ఈయన చేతులు తుడుచుకుంటూ, "ఎందుకంటోందంటారు?" అని మిమ్మల్నే అడుగుతాడు. అది తెలిస్తే నీ దగ్గరికెందుకొస్తామయ్యా అని కొత్తవాళ్ళు విసుక్కుంటారు. పాతవాళ్ళు మారుమాట్లాడకుండా స్టూలు లాక్కుని కూర్చుంటారు. కారులో ఎవరెవరు తిరుగుతారు, ఏ దారిన తిరుగుతారు, స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగలేని తొందర ఎవరిది, అన్నీ చెబితే తప్ప అక్కణ్ణుంచి కదలనివ్వడని వాళ్ళకి తెలుసు. అడగందే అమ్మైనా పెట్టదు, ఇనుము ఊరికే ఎందుకు చెబుతుందని ఆయన వాదన.

పెళ్ళి కూడా అలాగే అయింది. ఒకావిడ స్కూటర్ బాగుచేయించుకోవడానికొస్తే, "హ్యాండిల్ మీద ఎడమ చేతి రబ్బరు నున్నగా అరిగిపోయింది, కుడిది కొత్తదానిలా ఉంది. ఎందుకండీ?" అని అడిగాడు. ఎందుకైతే మీకెందుకని ఆవిడ కసురుకుంది. అది తెలుసుకోవడానికే పెళ్ళి చేసుకున్నానని ఎందుకయ్య ఇప్పటికీ అంటుంటాడు. ఆవిడ ఇప్పటికీ చెప్పలేదు. షెడ్డు ముందున్న చిన్న గదిలో స్పేర్ పార్టుల కౌంటరు ఆవిడదే. భర్త అడగాల్సినవన్నీ అడిగి అలిసిపోయాక, వచ్చినవాళ్ళు కాస్త ఊపిరి పీల్చుకునేది ఆ గదిలోనే.

ఒకరోజు పొద్దున్నే షెడ్డు ముందు ఒక స్పోర్ట్స్ కారు ఆగింది. రెండు తలుపులది, నేలకి ఆనినట్టుండే కారు. నీలం రంగు అక్కడక్కడా వెలిసింది. ఆగాక కూడా కాసేపు పడవలా ఊగుతూనే ఉంది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే అమ్మాయి అందులోంచి దిగింది. నలభై దగ్గర పడుతున్నా ఎందుకయ్య లెక్కలో అందరూ అమ్మాయిలే.

"అమ్మేద్దామనుకుంటున్నామండీ," అందామె. "కొనడానికొచ్చినవాళ్ళు తోలి చూసి పారిపోతున్నారు. షాక్ అబ్జార్బర్లు, బుష్షులు, కింద అరిగిపోయినవన్నీ మార్చేయండి."

ఎందుకయ్య కారు చుట్టూ తిరిగాడు. మీటరు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. అంత దూరం టాక్సీలు తిరుగుతాయి గానీ, ఇలాంటివి గుడ్డ కప్పుకుని గ్యారేజీలో పడుకుంటాయి. వెనక్కి వెళ్ళి గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. ఒక్కరే తోలుకునే కారు ఏళ్ళ తరబడి తిరిగితే డ్రైవరు వైపు కుంగుతుంది. ఇది పక్క సీటు వైపు కుంగింది.

"పక్క సీట్లో ఎవరు కూర్చుంటారమ్మా?"

"మా నాన్న," అని ఊరుకుందామె. ఎందుకయ్య స్టూలు జరిపాడు. ఆమెకి కూర్చోక తప్పలేదు.

వాళ్ళ నాన్న బస్సు డ్రైవరట. ఉద్యోగం అయిపోగానే ఈ కారు కొన్నాడు. యాభైమందిని వెనకేసుకుని తిరిగింది చాలు, ఇక ఒక్కరికి మించి ఎక్కలేని బండి కావాలన్నాడట. పేరుకి వెనక సీటుంది గానీ అందులో సంచి పెట్టడమే కష్టం. నీటికాసులతో చూపు పోయేదాకా తానే తోలాడు. పోయాక స్టీరింగు కూతురికిచ్చి పక్క సీట్లోకి మారాడు. సెలవు దొరికితే చాలు ఇద్దరూ ఊరు దాటి పోవడమే. దారిలో ఆయనకొక ఆట. కళ్ళు లేకపోతేనేం, కూర్చున్న చోటినుంచే ఎక్కడున్నారో చెప్పేవాడు. ఇది పాత వంతెన అతుకు, ఇది కాలేజీ మలుపు, ఇక్కడ పైపు కోసం తవ్వి సరిగా పూడ్చలేదు. ఒక్కటీ తప్పేవాడు కాదు.

"తర్వాత తప్పడం మొదలైంది," అందామె. "ముందు ఎప్పుడో ఒకటి. పోనుపోను అన్నీ. వంతెన దాటాక కూడా వంతెన ఎప్పుడొస్తుందని అడిగేవాడు. మా పెదనాన్నకి మతిమరుపు అచ్చం ఇలాగే వచ్చింది, తెలిసిన వీధిలోనే దారి తప్పి. చివరికి మా నాన్ననే ఎవరు నువ్వని అడిగాడు. ఒకరోజు కారులోనే నాన్న, 'మా అన్నయ్యకి ఇలాగే మొదలైంది' అన్నాడు. అంతే, మళ్ళీ ఎక్కలేదు. అమ్మేయమంటున్నాడు."

"డాక్టరుకి చూపించారా?"

"చూపించాం. పరీక్షల్లో ఏమీ తేలలేదు, కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దామన్నారు. మా నాన్న మాత్రం తేల్చేసుకున్నాడు. గది దాటి రావడంలేదు."

ఆమె వెళ్ళాక ఎందుకయ్య కారుని లిఫ్టు మీద పైకెత్తాడు. చక్రాలు విప్పి, షాక్ అబ్జార్బరు ఒకటి ఊడదీసి అరచేత్తో నొక్కాడు. దాని కడ్డీ ఏ అడ్డూ లేకుండా లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. కారిపోవాల్సిన నూనె ఎప్పుడో కారిపోయింది. మిగిలినవీ అంతే. చక్రాన్ని పట్టుకునే ఆర్ముల కీళ్ళలో రబ్బరు బుష్షులుంటాయి. అవి చలికాలపు మడమల్లా పగిలి ఉన్నాయి. ఇలాంటి కారుకి గతుకైనా నునుపైనా ఒకటే, అన్నిటికీ ఒకేలా ఊగుతుంది. చేతిలో పాత షాక్ అబ్జార్బరుతో ఎందుకయ్య అలాగే నిలబడిపోయాడు. తప్పింది పెద్దాయన మతి కాదేమో. కారే ఆయనకి దారి చెప్పడం మానేసిందేమో.

ఈ మాట మధ్యాహ్నం భార్యతో అంటే, ఆవిడ తింటున్న ముద్ద ఆపి చూసింది.

"మీకు ఖాయంగా తెలుసా?"

"తెలీదు. అందుకే తెలుసుకోవాలి."

"అయితే నోరు మూసుకుని పని చేయండి. ఊరుకున్నంత ఉత్తమం లేదన్నారు. మీరు ఆశపెట్టి, రేపు అది తప్పయితే ఆ పిల్ల రెండోసారి ఏడవాలి. ఆ ముసలాయన గదిలోంచి అసలే రాడు."

ఆవిడ చెప్పింది నిజమే. కానీ ఎందుకయ్య నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రం దాకా కడుపుబ్బరంతో తిరిగి, చివరికి ఫోన్ తీసి ఆ అమ్మాయికి చెప్పేశాడు. "నాన్నని తీసుకొస్తాను, మీరే చెప్పండి. నేను చెబితే ఓదార్పు అనుకుంటాడు," అందామె.

కొత్త సామాను వచ్చిన రోజు పెద్దాయన వచ్చాడు. బుజాలు వెడల్పుగా ఉన్న మనిషి, గడ్డం నున్నగా గీసుకున్నాడు. కూతురు స్టూలు మీద కూర్చోబెట్టి, కాఫీ తెస్తానని వెళ్ళింది. ఎందుకయ్య ఏమీ వివరించలేదు. పాత షాక్ అబ్జార్బరు తెచ్చి ఆయన కాళ్ళ మధ్య నిలబెట్టి, "నొక్కండి బాబాయ్ గారూ," అన్నాడు. ఆయన నొక్కాడు. కడ్డీ జారుకుంటూ దిగిపోయింది. తర్వాత కొత్తది నిలబెట్టాడు. ఆయన బలమంతా పెడితే గానీ దిగలేదు. చెయ్యి తీయగానే మెల్లగా పైకొచ్చింది. పెద్దాయన పాతదాన్ని మళ్ళీ అడిగి తీసుకున్నాడు. రెండిటినీ మార్చి మార్చి నొక్కాడు.

"నాలుగూ ఇలాగే ఉన్నాయా?"

"నాలుగూ."

"అలాగా," అన్నాడాయన. పాతదాన్ని మాత్రం కింద పెట్టలేదు.

ఎందుకయ్యకి ఆనందం పట్టలేదు. లిఫ్టు మీద వేలాడుతున్న కారు కింద నిలబడి కొత్త ఆర్ములూ కొత్త బుష్షులూ ఎక్కిస్తూ ప్రశ్నల మూట విప్పాడు. తారురోడ్డుకీ సిమెంటురోడ్డుకీ తేడా కాళ్ళకి తెలుస్తుందా, నడుముకా? వానపడిన రోడ్డు ఎలా తెలుస్తుంది? నిండు బస్సులో బాగా తెలిసేదా, ఖాళీ బస్సులోనా? ఇన్నాళ్ళకి తనని ఎవరో పని గురించి అడుగుతున్నారని పెద్దాయన కూడా విప్పారాడు. ముందు నడుముకి తెలుస్తుంది బాబూ, తర్వాత కాళ్ళకి అంటూ ఓపిగ్గా చెప్పుకుంటూ పోయాడు. ఆయన చెబుతూ ఉంటే ఈయన వింటూ, బోల్టులు బిగిస్తూ పోయాడు. అన్నీ గట్టిగా బిగించేశాడు.

చక్రాల అలైన్‌మెంట్ కూడా అయ్యాక ముగ్గురూ బయల్దేరారు. పేరుకి ఉన్న వెనక సీట్లో ఎందుకయ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించి, గూట్లో కోడిలా ఇరుక్కున్నాడు. వీధి చివర మొదటి మలుపు తిరిగారు. పెద్దాయన సీటుకి నడుం ఆనించి, తల కొంచెం వంచి కూర్చున్నాడు.

"కాలేజీ," అన్నాడు. అది మార్కెట్టు.

కూతురు గేరు మార్చింది. కాసేపటికి ఆయన వంతెన అన్నాడు. అది స్పీడ్ బ్రేకర్. మూడోసారి ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, "వెనక్కి తిప్పమ్మా. చూశాంగా," అన్నాడు. అద్దంలో ఆ అమ్మాయి కళ్ళు ఎర్రబడడం ఎందుకయ్యకి కనబడింది. భార్య మాట చెవిలో గింగురుమంది. జీవితంలో మొదటిసారి ఆయనకి అడగడానికి ఏ ప్రశ్నా తోచలేదు.

షెడ్డు దగ్గర దిగుతూ పెద్దాయన అన్నాడు: "నీ పని బాగుంది బాబూ, నిన్ను అనడానికేం లేదు. కానీ ఈ కారు పాదాలు ఆనించడం లేదు. మునివేళ్ళ మీద నిలబడినట్టుంది."

ఎందుకయ్య రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఏమన్నారు?"

"మునివేళ్ళ మీద. బిగబట్టుకుని."

ఎందుకయ్య నాలుక కరుచుకున్నాడు. రబ్బరు బుష్షుల బోల్టుల్ని కారు గాల్లో ఉండగా గట్టిగా బిగించకూడదు. బరువు చక్రాల మీద పడి కారు ఎలా నిలబడుతుందో అలా నిలబడ్డాకే చివరి బిగింపు వేయాలి. గాల్లో బిగిస్తే రబ్బరు ఆ వేలాడే తీరునే పట్టుకుంటుంది. కిందికి దించితే మెలిపడి, కారుని పైకి తోస్తూనే ఉంటుంది. ఎప్పుడూ తప్పని మనిషి, ప్రశ్నల సంబరంలో పడి పప్పులో కాలేశాడు.

"తప్పు నాది బాబాయ్ గారూ," అన్నాడు. "మీది కాదు. ఒక్క గంట ఇవ్వండి."

"వద్దులే బాబూ," అన్నాడు పెద్దాయన. అప్పటికే చేతికర్ర ముందుకి పెట్టాడు.

కౌంటరు గదిలోంచి ఎందుకయ్య భార్య వచ్చింది. "కూర్చోండి బాబాయ్ గారూ. ఈయన తప్పు ఒప్పుకోవడం నేను పెళ్ళయ్యాక ఇదే చూడటం. నా కోసమైనా కూర్చోండి," అంది. పెద్దాయనకి నవ్వొచ్చింది. నవ్వాక వెళ్ళిపోవడం కుదరలేదు, కూర్చున్నాడు.

కారుని నేలలో తవ్విన గుంత మీదికి తోలి, చక్రాలు నేల మీద ఉండగా, ఎందుకయ్య గుంతలోకి దిగాడు. ఒక్కొక్క బోల్టూ వదులు చేస్తుంటే కారు కొంచెం కొంచెంగా కిందికి దిగింది. పైకొచ్చి కారుని నాలుగు మూలలా ఊపి, సర్దుకోనిచ్చి, మళ్ళీ దిగి బిగించాడు. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు.

మళ్ళీ బయల్దేరారు. మార్కెట్టు మలుపు దగ్గర పెద్దాయన సీటుకి నడుం గట్టిగా ఆనించాడు. ఆ తర్వాతి వీధిలో, "ఇక్కడ డ్రైనేజీ మూత కొంచెం లోతుగా ఉండాలి," అన్నాడు. ఉంది. పాత వంతెన రాగానే దాని అతుకుల్ని వేలితో మోకాలి మీద కొట్టి చూపించాడు. కాలేజీ మలుపులో కారు ఒదిగినప్పుడు, "ఇదీ కాలేజీ," అని తనలో తనే అనుకున్నాడు. కూతురు ముక్కు ఎగబీలుస్తూ తోలింది.

ఊరు దాటాక ఆమెకి ఏమనిపించిందో, చెప్పకుండా వేరే దారిలోకి తిప్పింది. ఆ దారిలో వాళ్ళు ఈ కారులో ఎప్పుడూ వెళ్ళలేదు. అలవాటు కాదు, మతే పనిచేస్తోందని తెలుసుకోవాలనుకుందేమో. రెండు పక్కలా పొదలు, మధ్యలో కొత్తగా వేసిన నున్నటి తారు.

"పట్టాలు," అన్నాడు పెద్దాయన ఉన్నట్టుండి. "రైలు పట్టాలు దాటాం."

ఆమె వేగం తగ్గించింది. ముందూ వెనకా చూసింది. "నాన్నా, ఇక్కడ పట్టాలేం లేవు," అంది మెల్లగా.

పెద్దాయన ముఖంలో వెలుగు తగ్గిపోయింది. "లేవా?" అన్నాడు.

"ఆపమ్మా," అన్నాడు ఎందుకయ్య.

ఆ గూట్లోంచి బయటపడి వెనక్కి నడిచాడు. రోడ్డు మీద ఏ గుర్తూ లేదు. కానీ వంగి చూస్తే తారు ఆ మేర అడ్డంగా కాస్త పల్లమైంది, రెండు చారలుగా. ఎందుకని? రోడ్డు దిగి పొదలు కాళ్ళతో తొక్కుకుంటూ వెతికాడు. ముళ్ళు గీసుకుపోయాయి. ఒకచోట బూటు ఇనుముకి తగిలి ఠంగుమంది. గడ్డి పీకి చూశాడు. తుప్పుపట్టిన పట్టా మొదలు, పక్కనే ఇంకొకటి. రోడ్డు మేరకి కోసేసి పైన తారు పోశారు.

ఆ అమ్మాయి నాన్న చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పెద్దాయన వంగి, పట్టా అంచుని అరచేత్తో తడిమాడు.

"సిమెంటు ఫ్యాక్టరీ లైను," అన్నాడు. "నువ్వు పుట్టకముందే రైలు ఆపేశారు. గేటు దగ్గర రోజూ బస్సు ఆపుకుని నిలబడేవాణ్ణి."

తుప్పు అంటిన చేతిని దులుపుకోలేదు. కాసేపు అలాగే వంగి ఉండి, కూతురి వైపు ముఖం తిప్పాడు.

"మా అన్నయ్యకి ఇలా మొదలవలేదమ్మా," అన్నాడు.