రెండోసారి అడగని హాలండ్ ఆయన

మొన్న మా తోడల్లుడి పదవీ విరమణ సన్మానానికి ఆహ్వానపత్రిక వచ్చింది. తెలీబంధా చెరువు ఎదురుగా ఉన్న హోటల్లో విందట. పైన ఆయన రంగుల ఫోటో, దాని కింద హాలండ్ కంపెనీ రాయపూర్ ఆఫీసుకి తొలి అధిపతి అన్న హోదా. ఆ హోదాకి పైన ఉండవలసిన ముఖం నాది. ఈ సంగతి ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఇంట్లో వినేవాళ్లు అయిపోయారు కనుక, నా ఈడువాళ్లు మీరైనా విని ఎవరిది న్యాయమో తేల్చండి.

రాయపూర్ కొత్తగా రాజధాని అయిన రోజులవి. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేనూ, మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్న ఈ తోడల్లుడూ టాటీబంధ్‌లో ఒకే సేఠ్‌గారి బియ్యం ఎగుమతి ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవాళ్లం. తిల్దాలో సేఠ్‌గారికి మిల్లు ఉండేది. అక్కడి ఉప్పుడు బియ్యాన్ని ఒక హాలండ్ కంపెనీ కొని ఆఫ్రికాకి పంపేది. సరుకు చూసుకోవడానికి ఆ కంపెనీ నుంచి ఒక పొడుగాటి మనిషి వస్తూ ఉండేవారు, ఆయన్ని చూసుకునే పని నాది.

మొదటిసారి వచ్చినప్పుడు మిల్లులో భోజనం. వాళ్ల ఊళ్లో పళ్లెంలో మిగల్చడం తప్పట, మా సేఠ్‌గారి ఇంట్లోనేమో ఖాళీ పళ్లెం కనబడితే అవమానం. ఆయన పాపం తిని ఖాళీ చేయడం, సేఠ్‌గారు స్వహస్తాలతో మళ్లీ నింపడం. వద్దంటూ ఆయన చేతులు అడ్డం పెడితే, "అరే సాబ్, ఏక్ ఔర్, మెహమాన్ భూఖా జాయేగా క్యా" అంటూ, అతిథి ఆకలితో వెళ్లకూడదని, వేళ్ల సందుల్లోంచి జిలేబీ జారవిడిచారు. మధ్యాహ్నానికి ఆ పెద్దమనిషి బియ్యం బస్తాల మీద వెల్లకిలా పడుకుని, సరుకు నాణ్యత పైకప్పు చూస్తూనే ఒప్పుకున్నారు.

ఆ రోజే నేను ఆఫీసువాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాను. హాలండ్ మనుషులకి వద్దంటే వద్దనే అర్థం, ఒకసారి అడిగి ఊరుకోండి, బలవంతం చేస్తే వ్యాపారం పోతుందని. సేఠ్‌గారు తల పట్టుకున్నారు కానీ నేర్చుకున్నారు. ఆ తరువాత హాలండ్ ఆయన హాయిగా వచ్చి హాయిగా వెళ్లేవారు, ఆర్డర్లు పెరిగాయి. ఆ పెరుగుదల నా పుణ్యమే, అయినా ఆ సంగతి ఆహ్వానపత్రికలో వేయలేదు.

కొన్నేళ్ల తరువాత, తిల్దా నుంచి హాలండ్ ఆయనా నేనూ కారులో తిరిగి వస్తుంటే రైలు గేటు పడింది. గూడ్సు బండి వెళుతూ ఉంది. రాయపూర్‌లో తమ సొంత ఆఫీసు తెరుస్తున్నామనీ, దానికి అధిపతిగా నన్ను ఉండమనీ అడిగారాయన. నా గుండె డ్రైవరుకి వినబడేంత కొట్టుకుంది. కానీ పెరిగిన పద్ధతి ఒకటి ఉంటుంది కదా, పదవి అనగానే ఎగిరి పట్టుకుంటామా? అబ్బే, నేనంతటివాణ్ణా, నాకంటే సమర్థులు లేరా అన్నాను. మన ఇళ్లలో ఆ మాటకి అర్థం, తలుపు తీసే ఉంది లోపలికి రండి అని. నా పెళ్లి సంబంధానికి మా నాన్న రెండుసార్లు కాదంటే మామగారు మూడోసారి వచ్చి ఖాయం చేసుకున్నారు. మొదటి మాట పట్టుకుని ఆయన వెళ్లిపోయి ఉంటే నా పిల్లలే లేరు.

హాలండ్ ఆయన మాత్రం తలూపి, దాపరికం లేకుండా చెప్పినందుకు నాకు కృతజ్ఞతలు చెప్పి, గూడ్సు బండిని చూస్తూ కూర్చున్నారు. గేటు లేచింది. టాటీబంధ్ వచ్చింది. రెండో అడగడం రాలేదు.

మర్నాడు మా తోడల్లుణ్ణి అడిగారు. నేను నిలదీస్తే అతను టీ తాగుతూ, "అడిగిండు, సరే అన్న. గింతే గదా అన్నా. నువ్వొద్దన్నవని సాబే చెప్పిండు" అన్నాడు. సేఠ్‌గారి దగ్గర మొర పెట్టుకుంటే, "బాబూజీ, వద్దంటే వద్దే అని హమే సిఖాయా కిస్‌నే" అన్నారు, అది మాకు నేర్పిందెవరని. ఇంట్లో మా ఆవిడ, "ఏటండీ, ఒక్కసారి హాఁ అనేస్తే మీ ఇజ్జత్ పోయేదా? చెల్లి ఇంటికి కారొస్తంది, నేనింకా ఆటోకి చెయ్యూపతన్నాను" అంది.

నేను అడిగేది ఒకటే. ఆయన పద్ధతి నేను నేర్చుకుని పదిమందికి నేర్పాను. అన్నేళ్లు మా మధ్య తిరిగిన మనిషి నా పద్ధతి ఒక్కటి నేర్చుకోవద్దా?

నేర్చుకున్నారు, ఆలస్యంగా. ఉద్యోగం చాలించే ముందు ఆఖరిసారి రాయపూర్ వచ్చి, మా తోడల్లుడితో కలిసి మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ వండిన పాకం గారెలు ముందు పెడితే, పళ్లెం మీద చెయ్యి అడ్డంపెట్టి, వెనక్కి వాలి, వద్దు వద్దంటూ గారెలకేసే చూస్తున్నారు. అచ్చం ఆనాడు నా పెళ్లి సంబంధం కాదంటూ మా నాన్న వాలినట్టే. నాకు వెంటనే అర్థమైంది. పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

"ఏటి, తెచ్చేశారు?"

"వద్దన్నారు."

"వద్దంటే వద్దేనా? ఏ ఊరండీ మీది?"

"ఆయన ఊరి ప్రకారమే తెచ్చాను."

నా చేతిలోంచి పళ్లెం లాక్కుని ఆవిడే వెళ్లి మళ్లీ అడిగింది. ఆయన తృప్తిగా తిని, ఇంకా వేయించుకున్నారు. నాకు దక్కని రెండో అడగడం, నా ఇంట్లోనే, నా ఆవిడ చేతి మీదుగా ఆయనకి దక్కింది.

ఇప్పుడు రాయపూర్ కుర్రాళ్లు మూడు దేశాలవాళ్లతో ఒకే తెరమీద మాట్లాడుతున్నారు. అడగడం, అవునో కాదో చెప్పడం, తెర ఆరిపోవడం. పని జరుగుతోంది, కాదనను. కానీ మొదటి వద్దుకీ రెండోసారి అడగడానికీ మధ్య మనిషి మొహంలోకి చూసే ఆ కాస్త వ్యవధి ఎవరి దగ్గరా లేదు. సేఠ్‌గారూ పోయారు, మామగారూ పోయారు. బతిమాలడం వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక, వద్దనడం మాత్రమే వచ్చిన నాబోటివాళ్లం మిగిలాం.