ఖాళీ మెమరీ, ఆలస్యమైన అలారం

2023 వానాకాలం. హనుమాన్ జంక్షన్‌లో హైవే మీదే, రొయ్యల మేత అమ్మే షాపు పైన ఒక చిన్న కంపెనీ ఆఫీసు. చెరువుల్లో సెన్సర్లు పెట్టి, నీళ్లలో ఆక్సిజన్ ఎంత ఉందో కనిపెట్టుకుని ఉండటం వాళ్ల పని. నేనుండేది విజయవాడ గుణదలలో. లినక్స్ సర్వర్లు చూసుకోవడం నా వృత్తి. ఎవరి సర్వర్‌కి జబ్బు చేసినా ఫోన్ చేస్తారు, వెళ్తాను. ఇన్నేళ్లలో బోలెడు సర్వర్లు చూశాను గానీ, ఆ ఒక్క మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ హుషారొచ్చేస్తుంది. మా ఇంట్లోవాళ్లు ఆ సంగతి ఎత్తితే చాలు, పనున్నట్టు లేచిపోతారు. అందుకే మీకు చెప్తున్నాను.

రొయ్యల చెరువుల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలుతుంది. తేలిందంటే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని ఏరియేటర్లు, అంటే నీళ్లను చిలికే చక్రాలు, తిప్పుతారు. బాగా ఎండ కాసే రోజు పగటిపూట నీళ్లలోని నాచే ఆక్సిజన్ ఇస్తుంది, అంత భయం ఉండదు. ముసురు పట్టిందంటే మాత్రం పగలైనా నమ్మడానికి లేదు. చెరువులో సెన్సర్ ఆక్సిజన్ లెక్కను సర్వర్‌కి పంపుతుంది. సర్వర్ ఆ చెరువు పాత లెక్కలతో పోల్చి చూసి, పడిపోతోందని తేలితే రైతు ఫోన్‌లో అలారం మోగిస్తుంది. ఆ అలారం కొన్నాళ్లుగా ఆలస్యంగా మోగుతోంది. నన్ను పిలిచింది అందుకే.

నేను వెళ్లేసరికి వాన సన్నగా పడుతూనే ఉంది. ఆఫీసు మేనేజర్ వెంకటరత్నం గారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. ముదినేపల్లి వైపు చెరువుల కుటుంబం ఆయనది. సర్వర్ కొన్న రోజు నుంచీ దాన్ని ఆయనే చూసుకుంటున్నారు.

"మేడమ్ గారూ, మెమరీ సమస్యయితే కాదండీ, అది నా గ్యారంటీ. మా సర్వర్లో మెమరీ ఎప్పుడు చూసినా ఖాళీగానే ఉంటది" అన్నారు, కాస్త గర్వంగానే.

నేనింకా కుర్చీ లాక్కోలేదు, ఆయన ఫోన్ మోగింది. కైకలూరు దగ్గర చెరువులు చేసే ప్రమీల గారు. ఆయన స్పీకర్‌లో పెట్టారు.

"వెంకటరత్నం గారూ, పొద్దున్నే మా ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయిందండీ. జనరేటర్ మీద నడుపుతున్నా. అది ఒక్క చెరువు ఏరియేటర్లనే లాగుతుంది. రేపు రెండు చెరువుల్లోనూ రొయ్య పట్టుబడి, వలలు వేసేస్తున్నాం. ఏ చెరువుకి వెయ్యాలో మీ అలారం చెప్పాలి. మీ యాప్ చూస్తే గుండ్రంగా తిరుగుతానే ఉంది. పోయిన పంటకి మీ అలారం మోగేసరికి నా రొయ్య తేలి ఉంది. మర్చిపోయారా?"

"మర్చిపోలేదమ్మా. విజయవాడ నుంచి మేడమ్ గారొచ్చారు, చూస్తున్నారు" అన్నారాయన. గొంతులో ఇందాకటి గర్వం లేదు.

"చూడమనండి. నేను గట్టు మీదే ఉంటా" అని పెట్టేశారావిడ. నాకు ఆకలి, ప్రయాణం బడలిక అన్నీ ఎగిరిపోయాయి. కీబోర్డు ముందుకు లాక్కున్నాను.

ముందు free అని కొట్టాను. మెమరీలో ఎంత వాడుకలో ఉందో, ఎంత ఖాళీగా ఉందో చెప్పే కమాండ్ అది. ఆయన చెప్పింది నిజమే, బోలెడంత ఖాళీ. అది నాకు నచ్చలేదు. ఎందుకో చెప్పాలంటే వంటింట్లోకి వెళ్లాలి. RAM వంటగట్టు అనుకోండి, డిస్క్ అటక. గట్టు నిండిపోతే లినక్స్ కొన్ని సామాన్లు అటకెక్కించి, కావాల్సినప్పుడు దింపుకుంటుంది. దాన్ని స్వాప్ అంటారు. ప్రోగ్రామ్‌కి ఇదేమీ తెలీదు, ఉన్నదంతా ఒకటే పెద్ద గట్టనుకుంటుంది. అదే వర్చువల్ మెమరీ. మరి గట్టు మీద చోటు మిగిలితే? ఒకసారి దింపిన డబ్బా మళ్లీ కావాల్సొస్తుందేమోనని లినక్స్ దాన్ని అక్కడే ఉంచుతుంది. దాని పేరు క్యాష్. ఎవరికైనా చోటు కావాలంటే ఆ డబ్బాల్ని క్షణంలో పక్కకి తీసేస్తుంది. అందుకే బాగా పనిచేసే సర్వర్లో ఖాళీ తక్కువే కనిపిస్తుంది. పొద్దుట్నించీ వంట జరుగుతున్న ఇంట్లో గట్టు మీద ఒక్క గిన్నె కూడా లేదంటే, ఏదో తేడా ఉన్నట్టే కదా.

తర్వాత vmstat 1 కొట్టాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన కమాండ్ ఇది. సెకనుకో వరస చొప్పున మెమరీ, స్వాప్, డిస్క్, ప్రాసెసర్ అన్నిటి అంకెలూ కిందకి జారుతూ వస్తాయి. మొదటి వరసను పట్టించుకోకూడదు. అది సర్వర్ ఆన్ చేసినప్పట్నించీ సగటు, ఇప్పటి సంగతి చెప్పదు. రెండో వరస నుంచి చూశాను. స్వాప్‌కి సంబంధించిన si, so రెండూ సున్నాలే. అటకెక్కించడం, దించడం ఏమీ లేవు. wa అనే గడిలో మాత్రం పెద్ద పెద్ద అంకెలు. ప్రాసెసర్ పని మానేసి డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చుందని దానర్థం.

"డిస్క్ పోతోందేమోనండీ" అన్నాను. పైకి అన్నానే గానీ మనసొప్పుకోలేదు. డిస్క్ పరీక్ష చేసి చూస్తే అది గుండ్రాయిలా ఉంది. నాకు చిరాకొచ్చింది. బయట ఆకాశం ఇంకా నల్లబడుతోంది. ఆయన కిటికీలోంచి మబ్బునీ, నా ముఖాన్నీ మార్చి మార్చి చూస్తున్నారు.

"అలా చూడకండి వెంకటరత్నం గారూ, నాకు చెయ్యి ఆడదు" అని కసిరి, మళ్లీ vmstat పెట్టి ఈసారి ఆపకుండా వదిలేశాను. క్యాష్ గడి మీదే కన్నేసి కూర్చున్నాను. అంకె పెరుగుతోంది. ఇంకా పెరుగుతోంది. wa మెల్లగా దిగుతోంది. అబ్బ, కుదురుకుంటోంది అనుకునేలోపు క్యాష్ ఒక్కసారిగా అడుగంటింది. ఖాళీ అంకె ఆకాశానికి లేచింది, wa మళ్లీ మండిపోయింది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. "చూశారా? చూశారా?" అని అరిచాను. ఆయనకి ఏమీ కనపడలేదు, పాపం అంకెలే కనపడ్డాయి. మళ్లీ చూశాం. మళ్లీ పెరిగింది, మళ్లీ పడింది. సరిగ్గా గోడ గడియారంలో నిమిషం మారేటప్పుడే. యంత్రం పాడైతే గడియారం చూసుకుని పాడవదు. ఎవరో వేళ పెట్టి చేయిస్తున్న పని ఇది. సర్వర్లో వేళకి పనులు చేసే ఏర్పాటును క్రాన్ అంటారు. crontab -l అని కొడితే దానికి అప్పగించిన పనులు కనిపిస్తాయి. కొట్టాను. ఒకే ఒక్క లైను. క్యాష్‌ని మొత్తం పారబొయ్యమని, నిమిషానికోసారి.

"ఇదెవరు పెట్టారండీ?"

"అదా? నేనే పెట్టానండీ" అన్నారు వెంకటరత్నం గారు, ముఖం వెలిగిపోతూ. "చెరువులో నీళ్లు పాడైతే ఏం చేస్తాం? కొంత తోడేసి కొత్త నీళ్లు పెడతాం. రొయ్యకి ప్రాణం లేచొస్తది. ఇదీ అంతే కదా అనుకున్నా. చూస్తే మెమరీ నిండిపోతా ఉంది. నెట్‌లో వెతికితే ఈ లైను దొరికింది. మొదట రోజుకోసారి పెట్టా, మళ్లీ నిండింది. గంటకోసారి పెట్టా, అయినా నిండింది. చివరికి నిమిషానికోసారి పెట్టేశా. అప్పుడు దారికొచ్చింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెరువు మీద అంత శ్రద్ధ పెట్టే మనిషి సర్వర్ మీదా అంతే శ్రద్ధ పెట్టారు. అంత శ్రద్ధగానూ దాని నోటిదగ్గర కూడు లాగేశారు. ప్రతి చెరువు పాత లెక్కా నిమిషం నిమిషం మళ్లీ అటక మీంచి దింపుకోవాల్సి వస్తే అది ఎప్పుడు పోల్చాలి, ఎప్పుడు అలారం మోగించాలి?

"అలారం ఎప్పట్నించి ఆలస్యమవుతోందండీ?" అనడిగాను.

ఆయన చెప్పబోయి ఆగిపోయారు. లెక్క ఆయనకే తెలిసిపోయింది. 

"తీసేస్తే నిండిపోదా మేడమ్?" అన్నారు చివరికి, చిన్న గొంతుతో.

"నిండనివ్వండి. చోటు కావాల్సినప్పుడు అదే ఇస్తుంది. ఖాళీ గడి చూడకండి, ఈ available అనే గడి చూడండి. అవసరమొస్తే ఎంత ఇవ్వగలదో చెప్పేది అది" అని free మళ్లీ కొట్టి చూపించి, కీబోర్డు ఆయన ముందుకు జరిపాను. నేనే తీసెయ్యొచ్చు. కానీ నేను వెళ్లాక భయమేసి మళ్లీ పెట్టేస్తారని నా అనుమానం. ఆయన చేత్తోనే పోవాలి.

ఆయన ఆ లైనును చెరిపేశారు. ఇద్దరం స్క్రీన్ మీద పడ్డాం. నిమిషం మారింది. క్యాష్ పడలేదు. ఇంకో నిమిషం. పెరుగుతూనే ఉంది. ఖాళీ అంకె తగ్గుతుంటే ఆయన ఊపిరి బిగబట్టారు, నేను మాత్రం కేరింతలు కొట్టడమే తక్కువ. wa దిగి దిగి సున్నాకొచ్చి కూర్చుంది. పేరుకుపోయిన చెరువుల లెక్కలన్నీ సర్వర్ గబగబా తేల్చేసింది. అప్పుడే ప్రమీల గారు మళ్లీ ఫోన్ చేశారు.

"అయిందా? యాప్ తెరుచుకుంది. నేను మొదటి చెరువుకే వేసి ఉంచా, దాని నీళ్ల రంగే నాకు తేడాగా..."

మాట పూర్తవలేదు. ఆవిడ ఫోన్‌లోనే, మా చెవిలో గీ మంటూ అలారం. మా పక్కనే చెరువులన్నీ చూపించే స్క్రీన్ మీద ఎర్రగా ఒకటే పేరు, ఆవిడ రెండో చెరువు.

"అమ్మా, రెండోది! రెండోదానికి మార్చమ్మా!" అని వెంకటరత్నం గారు కేకేశారు. అటువైపు ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు, పరిగెత్తుతున్న అడుగులు, జనరేటర్ ఒక్కసారి దగ్గి మళ్లీ అందుకోవడం, ఆ తర్వాత చక్రాలు నీళ్లను కొడుతున్న హోరు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇరవై ఏళ్లుగా అంకెలు చూస్తున్నాను, అంకెలకి అంత చప్పుడుంటుందని నాకు తెలీదు.

మర్నాడు పట్టుబడికి వెంకటరత్నం గారు నన్నూ తీసుకెళ్లారు. రెండు చెరువులూ దక్కాయి. వలలు లాగడం అయ్యాక ఆయన ప్రమీల గారి ముందు నిలబడి, "అమ్మా, పోయిన పంటప్పుడు అలారం ఆలస్యమైంది నా వల్లే" అని జరిగిందంతా చెప్పేశారు. ఆవిడ పైట చెంగుతో ముఖం తుడుచుకుంటూ చివరిదాకా విన్నారు.

"పోయిన పంట నేను మర్చిపోనండీ. మీరు చెప్పారన్నదీ మర్చిపోను" అన్నారు. చెంగు నడుముకి దోపుకుని, "రొయ్యకి మంచిదని మందు ఎక్కువ పోసి నేనే ఒక చెరువు చంపుకున్నా ఒకసారి. రండి, భోంచేద్దాం" అని ముందు నడిచారు.

సర్వర్ పాడైందని ఎవరు పిలిచినా ఇప్పుడు నేను ముందు ఒకటే అడుగుతాను, దీన్ని బాగుచేద్దామని ఈమధ్య ఎవరైనా ఏమైనా చేశారా అని. తిట్టడానికి కాదని ముందే చెప్పి మరీ అడుగుతాను. ఆ మాట చెప్తే గానీ ఎవరూ నోరు విప్పరు.